దక్కని ప్రాణానికి దక్కిన పతకం
- కెప్టెన్ మాథ్యూ వెబ్ జీవితం -

1873వ సంవత్సరం, ఏప్రిల్ నెల. కునార్డ్ కంపెనీకి చెందిన రష్యా అనే ప్రయాణికుల ఆవిరి ఓడ న్యూయార్క్ రేవు విడిచి ఇంగ్లాండులోని లివర్‌పూల్‌కు వస్తున్నది. అట్లాంటిక్ మహాసముద్రం నడిమధ్యన, ఓడ మంచి వేగం మీద ఉన్న సమయంలో, తెరచాపల పని మీద ఉన్న మైకేల్ హైన్స్ అనే నావికుడు పట్టు తప్పి సముద్రంలో పడిపోయాడు. అలలు ఉద్ధృతంగా ఉన్నాయి. నీరు గడ్డకట్టించేంత చల్లగా ఉంది. ఓడ మీదివారు ఏం చేయాలో ఆలోచించుకునే లోపుననే మరొక నావికుడు అతని వెనుకనే నీటిలోకి దూకాడు. ఆ దూకినవాని పేరు మాథ్యూ వెబ్. వయస్సు ఇరవై అయిదు సంవత్సరాలు.

వేగంగా పోతున్న ఓడ తలచుకున్నదే తడవుగా నిలిచిపోదు. ఇంజన్ ఆపి, వేగం తగ్గి, ఓడ వెనుదిరిగి, పడవ దించేసరికి ఎంతో కాలం గడుస్తుంది. ఈలోగా నీటిలో ఉన్న మనిషి తల ఒక అలకు పైకి తేలి, మరొక అలకు కనుమరుగవుతూ ఉంటుంది. పై నుంచి చూసేవారికి ఆ తల ఎక్కడున్నదో తెలియడమే కష్టం. వెబ్ ఆ నీటిలో అర్ధగంటకు పైగా ఈదుతూ హైన్స్ కోసం వెదికాడు. అతని చేతికి దొరికింది పడిపోయినవాని టోపీ మాత్రమే. చివరకు ఓడ నుంచి దించిన పడవ వచ్చి వెబ్‌ను ఎక్కించుకున్నది. హైన్స్ మరి కనిపించలేదు.

ఒక ప్రాణం పోయింది. రెండవ ప్రాణం దాదాపు పోబోయి నిలిచింది. లెక్క ప్రకారం చూస్తే ఆనాటి సాహసం ఫలించలేదు. అయినా ఓడలోని ప్రయాణికులు తమలో తాము చందాలు వేసుకుని వంద పౌండ్లు పోగుచేసి వెబ్ చేతిలో పెట్టారు. నావికుని జీతంతో పోల్చితే అది చిన్న మొత్తం కాదు. ఈ వార్త పత్రికలకెక్కింది. లండన్‌లోని రాయల్ హ్యూమేన్ సొసైటీ ఆ సంవత్సరమే కొత్తగా నెలకొల్పిన స్టాన్‌హోప్ బంగారు పతకానికి మొట్టమొదటి గ్రహీతగా వెబ్‌ను ఎంపిక చేసింది.

నీటిలో మునిగినవారిని కాపాడలేకపోయిన మనిషికి ప్రాణరక్షణ పతకమేమిటన్న సందేహం సహజమే. ఆ సంగతి బోధపడాలంటే ఈ సంస్థ చరిత్ర కొంత తెలియాలి. 1774లో లండన్ నగరంలో విలియం హాస్, థామస్ కోగన్ అనే ఇద్దరు వైద్యులు మరికొందరు మిత్రులతో కలిసి దీనిని స్థాపించారు. నీట మునిగి ఊపిరి ఆగినట్లు కనిపించిన మనిషిని చనిపోయినట్లే లెక్కగట్టి వదిలేయడం ఆ రోజుల్లో ఆచారం. సకాలంలో శుశ్రూష చేస్తే వారిలో కొందరు బతుకుతారని ఆ వైద్యుల నమ్మకం. ఆ శుశ్రూష చేసినవారికి సొమ్ము బహుమానంగా ఇస్తామని ప్రకటించారు. మునిగినవానిని తమ యింటిలోకి తెచ్చుకోనిచ్చిన గృహస్థులకు కూడ బహుమానముండేది. శవాన్ని యింట్లో పెట్టుకున్న అపఖ్యాతి వస్తుందని జనం భయపడేవారు గనుక ఈ ఏర్పాటు. వారి వైద్యంలో వింతలూ లేకపోలేదు. ఒళ్ళు వెచ్చజేయడం, నోటితో ఊపిరి ఊదడం వంటి మంచి పద్ధతులతో పాటు, తిత్తితో పొగాకు పొగను వెనుక ద్వారం గుండా పేగులలోకి కొట్టించడం కూడ ఆ కాలంలో చికిత్సే! ఆ పొగ పద్ధతి తర్వాతి కాలంలో మూలబడింది. ఊపిరి ఊదడం మాత్రం నిలిచింది. మునిగినవానిని తలక్రిందులు చేసి గిరగిర త్రిప్పే అలవాటు మన ఊళ్ళలో ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. దానివల్ల విలువైన నిమిషాలు పోవడం తప్ప ప్రయోజనం లేదని నేటి వైద్యులు చెబుతున్నారు.

సొసైటీ పతకం మీద ఒక బాలుడు ఆరిపోయిన కాగడాను నోటితో ఊదుతున్న బొమ్మ ఉంటుంది. ఎక్కడో ఒక నిప్పురవ్వ మిగిలి ఉండవచ్చునన్న ఆశ ఆ చిత్రానికి అర్థం. పందొమ్మిదవ శతాబ్దంలో ఈ పతకం రెండు విధాలుగా అచ్చయ్యేది. ఎదుటివాని ప్రాణం నిలిపినవారికి ఇచ్చే పతకం మీద ఒక పౌరుని కాపాడినందుకు అన్న భావం గల లాటిన్ మాటలుండేవి. ప్రయత్నించి కూడ కాపాడలేకపోయినవారి పతకం మీద ఆ మాటలుండవు. తన ప్రాణాన్ని అపాయానికి ఒడ్డినందుకు అన్న భావం గల మాటలే ఉంటాయి. ఫలితం దక్కనివారిని సొసైటీ మరచిపోలేదు. 1869 నుంచి పతకం పరిమాణం తగ్గించి, ముదురు నీలి పట్టీతో ఛాతీ కుడివైపున ధరించే వీలు కల్పించారు. యుద్ధ పతకాలు ఎడమవైపున, ప్రాణరక్షణ పతకాలు కుడివైపున.

స్టాన్‌హోప్ పతకం వీటన్నిటికీ పైది. బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి మరణించిన కెప్టెన్ చార్లెస్ స్కడమోర్ స్టాన్‌హోప్ జ్ఞాపకార్థం అతని మిత్రులు ఏర్పరచిన నిధితో ఇది వెలిసింది. ఏడాదికి ఒక్కరికే, ఆ ఏటి సాహసాలన్నిటిలోకి మిన్న అయినదానికే ఇస్తారు. ఆ మొదటి ఏట ఎందరో మనుషులను ఒడ్డుకు చేర్చినవారుండగా, సొసైటీ ఒక టోపీతో తిరిగివచ్చిన నావికుణ్ణి ఎంచుకున్నది. నడిసముద్రంలో, పోతున్న ఓడ మీది నుంచి, తిరిగి ఎక్కుతానన్న భరోసా లేకుండా దూకడం ఎంతటిదో ఆ పెద్దలకు తెలుసు.

వెబ్‌కు నీరు కొత్త కాదు. 1848 జనవరి 19న ఇంగ్లాండులోని ష్రాప్‌షర్ జిల్లా డాలీ అనే ఊరిలో అతడు జన్మించాడు. తండ్రి వైద్యుడు. పెద్ద కుటుంబం. ప్రపంచంలోనే తొలి ఇనుప వంతెనగా పేరొందిన కట్టడం ఆ ప్రాంతంలోనే సెవెర్న్ నది మీద ఉంది. ఆ నదిలోనే వెబ్, అతని సోదరులు ఈత నేర్చుకున్నారు. సెవెర్న్ పైకి నెమ్మదిగా కనిపించినా లోపల ఒరవడి గల నది. పదిహేనేళ్ళ వయసులో తన సోదరుడొకడు అందులో మునిగిపోబోగా వెబ్ లాగి గట్టున వేశాడు.

అప్పటికే అతడు సముద్రం పనికి తయారవుతున్నాడు. పన్నెండేళ్ళకే లివర్‌పూల్ దగ్గర మెర్సీ నదిలో లంగరు వేసి ఉన్న కాన్వే అనే శిక్షణ ఓడలో చేరాడు. వర్తక నౌకల అధికారులను తయారుచేసే బడి అది. తరువాత రాత్‌బోన్ కంపెనీ నౌకలలో పని నేర్చుకునేవాడుగా కుదిరి కలకత్తా, చైనా రేవుల వైపు ప్రయాణాలు చేశాడు. గంజాం ఒడ్డు నుంచి చెన్నపట్నం ఒడ్డు దాకా మనవారు రోజూ చూసే బంగాళాఖాతం మీదుగానే ఆ కలకత్తా నౌకలు సాగేవి. సూయజ్ కాలువలో ఒకసారి ఓడ వెనుక తిరిగే మరకు మోకు చుట్టుకుపోతే, వెబ్ పదేపదే మునిగి దానిని విడదీశాడని అతని చరిత్రకారులు రాశారు. ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. ఆ కాలపు నావికులలో చాలామందికి ఈత రాదు. జీవితమంతా నీటి మీద గడిపి, ఓడ అంచు దాటితే చేతులెత్తేయవలసినవారే ఎక్కువ. వారి నడుమ వెబ్ వంటి గజ ఈతగాడు అరుదు.

పతకం వచ్చిన ఏడాదే వెబ్ మనసు మరొక దారి పట్టింది. ఎమరాల్డ్ అనే ఆవిరి ఓడకు కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఒక పత్రికలో జె.బి. జాన్సన్ అనే ఈతగాని గురించి చదివాడు. ఇంగ్లాండుకు, ఫ్రాన్సుకు మధ్యనున్న ఇంగ్లీష్ ఛానల్‌ను ఈదాలని 1872లో బయలుదేరిన జాన్సన్ సుమారు గంటలోనే నీటి నుంచి బయటికి వచ్చేశాడు. ఆ పని తనవల్ల అవుతుందని వెబ్‌కు తోచింది. ఉద్యోగం విడిచిపెట్టాడు. లండన్‌లోని లాంబెత్ స్నానశాలలో ఫ్రెడరిక్ బెక్‌విత్ అనే ఈత గురువు వద్ద సాధన మొదలుపెట్టి, ఆ తరువాత థేమ్స్ నదిలోను, సముద్రంలోను ఈదాడు. ఈ బెక్‌విత్ కుమార్తె ఆగ్నెస్ కూడ తక్కువది కాదు. పద్నాలుగేళ్ళ పిల్ల 1875 సెప్టెంబరులో లండన్ బ్రిడ్జి నుంచి గ్రీనిచ్ దాకా థేమ్స్‌లో ఈది జనాన్ని విస్మయపరచింది.

డోవర్ నుంచి ఫ్రాన్సు తీరానికి సూటిగా ఇరవై ఒక్క మైళ్ళే. కాని ఆ జలసంధిలో సూటిగా పోవడమన్నది లేదు. ఆటుపోట్లకు నీరు ఆరు గంటలు ఒక దిక్కుకు, ఆరు గంటలు ఇంకొక దిక్కుకు నదిలాగా పారుతుంది. ఈదేవాడు ముందుకు పోతున్నానని అనుకుంటూనే పక్కకు కొట్టుకుపోతాడు. 1875 ఆగస్టు 12న వెబ్ చేసిన మొదటి ప్రయత్నం గాలికి, అలలకు తట్టుకోలేక ఆరున్నర గంటలు దాటాక ఆగిపోయింది. పన్నెండు రోజుల తరువాత, ఆగస్టు 24 మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా, డోవర్ అడ్మిరాల్టీ కట్ట మీది నుంచి మళ్ళీ దూకాడు. చలి తగలకుండ ఒళ్ళంతా పోర్పస్ అనే, డాల్ఫిన్‌ను పోలిన సముద్రజీవి నూనె పట్టించుకున్నాడు. ఒంటి మీద ఎర్ర పట్టు లాగు. తోడుగా మూడు పడవలు, వాటిలో పత్రికల వారు, సాక్షులు. మనిషిని ముట్టుకోవడానికి వీలులేదు. ఆహారం మాత్రం అందించవచ్చు. గొడ్డుమాంసపు రసం, కాఫీ, బ్రాందీ, కాడ్ చేప నూనె - ఇవీ ఆనాటి ఆహారం.

అతడు ఈదినది నేటి పోటీలలో కనిపించే చేతులు పైకెత్తి కొట్టే ఈత కాదు. రొమ్ము నీటికి ఆన్చి, రెండు చేతులతో నీటిని రెండు వైపులకు చీల్చుతూ, కప్పలాగా కాళ్ళు తన్నే పద్ధతి. వేగం తక్కువ, దమ్ము నిలుస్తుంది. చీకటి పడ్డాక జెల్లీ చేప కుట్టింది. కొంత బ్రాందీ పుచ్చుకుని ముందుకు సాగాడు. తెల్లవారేసరికి ఫ్రాన్సు తీరం కంటికి కనిపిస్తున్నది, కాని అందదు. గ్రీ నే అనే కొమ్ము దగ్గర ఎదురు ప్రవాహం పట్టుకుని సుమారు అయిదు గంటలు అతణ్ణి ఒడ్డుకు రానివ్వలేదు. ఒళ్ళు అలసి, బారలు చిన్నవై, ఇక పడవలోకి లాగవలసి వస్తుందేమోనని తోటివారు భయపడిన గంటలవి. ఆగస్టు 25 ఉదయం పదిన్నర దాటాక కాలే పట్టణం దగ్గర ఇసుక మీద అతని కాళ్ళు ఆనాయి. ఇరవై ఒక్క గంటల నలభై అయిదు నిమిషాలు పట్టింది. ప్రవాహాల వంకరలన్నీ కలిపితే ముప్పై తొమ్మిది మైళ్ళ దాకా ఈదినట్లు లెక్కగట్టారు. ఏ ఉపకరణమూ లేకుండా ఛానల్‌ను ఈదిన మొట్టమొదటి మనిషి అతడే. రెండవవాడు రావడానికి ముప్పై ఆరేళ్ళు పట్టింది. 1911లో థామస్ విలియం బర్జెస్ ఆ పని సాధించాడు. మన దేశం నుంచి మిహిర్ సేన్ 1958లోను, ఆరతీ సాహా 1959లోను ఆ నీటినే దాటారు.

ఇంగ్లాండు అంతా వెబ్ పేరు మారుమ్రోగింది. ప్రజలు చందాల రూపంలో రెండువేల పౌండ్లకు పైగా సమకూర్చారు. అగ్గిపెట్టెల మీద అతని బొమ్మ అచ్చువేశారు. ఈత నేర్పే పుస్తకం అతని పేరుతో వెలువడింది. ఈత నేర్చుకోవడం పట్ల దేశంలో శ్రద్ధ పెరిగింది. ఆ శ్రద్ధ ఎంత అవసరమో 1878 సెప్టెంబరు 3న లోకానికి తెలిసివచ్చింది. విహారయాత్ర ముగించుకుని లండన్‌కు తిరిగివస్తున్న ప్రిన్సెస్ ఆలిస్ అనే పడవను థేమ్స్ నదిలో బొగ్గు ఓడ ఒకటి ఢీకొట్టింది. ఒడ్డు కనుచూపు మేరలోనే ఉన్నా ఆరు వందల మందికి పైగా స్త్రీలు, పురుషులు, పిల్లలు నిమిషాలలో జలసమాధి అయ్యారు. ఈత వచ్చినవారు వారిలో బహు కొద్దిమంది.

వెబ్ చేతిలోని సొమ్ము నిలువలేదు. ఓడ ఉద్యోగానికి తిరిగి పోలేదు. ఈతే జీవనోపాధి అనుకున్నాడు. కాని ఈతకు జీతమిచ్చేవారెవరు? ఉపన్యాసాలకు మొదట వచ్చిన జనం క్రమంగా పలచబడ్డారు. పందాలు, ప్రదర్శనలు మొదలయ్యాయి. రబ్బరు తొడుగు వేసుకుని వెల్లకిలా తేలుతూ వెబ్ కంటె మూడు నెలల ముందు ఛానల్ దాటిన అమెరికన్ పాల్ బాయ్టన్‌తో 1879లో అమెరికా వెళ్ళి పోటీపడ్డాడు; ఆ పోటీ తగాదాలతో ముగిసింది. 1880లో లండన్ రాయల్ అక్వేరియంలో, టిక్కెట్టు కొన్న జనం చూస్తుండగా, నీటి తొట్టిలో అరవై గంటలు తేలాడు. తరువాత అమెరికాలోని బోస్టన్‌లో అయిదు రోజులకు పైగా అలాగే తేలాడు. అట్లాంటిక్‌లో తోటివాని కోసం దూకిన మనిషి తొట్టిలో నీళ్ళ మీద పడుకుని ఉంటే చూడడానికి జనం పైసలిచ్చారు. అందులో తప్పు పట్టవలసింది వెబ్‌నే అనుకోవడం న్యాయం కాదు. ఆ 1880లోనే మాడెలిన్ చాడక్‌తో అతనికి పెళ్ళయింది. ఒక కొడుకు, ఒక కూతురు కలిగారు. ఆరోగ్యం మాత్రం మునుపటిలా లేదు.

చివరకు అతని చూపు నయాగరా మీద పడింది. వెబ్ జలపాతం మీది నుంచి దూకాడని కొందరు పొరబడుతుంటారు. అది నిజం కాదు. జలపాతం కింద నది ఇరుకైన కొండలోయలోకి దూరి, మహావేగంతో ఉరుకుతూ, తరువాత ఒక పెద్ద సుడిగుండమై తిరుగుతుంది. ఆ ఉరవడిని, సుడిని ఈది బయటపడాలన్నది అతని సంకల్పం. జనం చూడవస్తారు, డబ్బు వస్తుంది, కుటుంబం నిలదొక్కుకుంటుందని ఆశ. తెలిసినవారెందరో వారించారు. 1883 జూలై 24 సాయంత్రం నాలుగు గంటలు దాటాక, చిన్న పడవలో నది మధ్యకు పోయి నీటిలోకి దిగాడు. రెండు గట్ల మీద, వంతెన మీద నిలిచి జనం చూశారు. ఉరవడి మొదటి భాగంలో అతడు తలెత్తి ఈదుతూ కనిపించాడు. సుడిగుండం దాపున కనుమరుగయ్యాడు. నాలుగు రోజుల తరువాత నది దిగువన దేహం దొరికింది. వయస్సు ముప్పై అయిదేళ్ళు.

ఈసారి ఏ సంస్థా పతకం ఇవ్వలేదు. ఇవ్వవలసిన పనీ లేదు. నీటిలో కాపాడవలసినవారెవరూ లేరు. పదేళ్ళ క్రితం దూకినప్పుడు కూడ ప్రాణానికి అపాయం ఇంతే. ఆనాడు ఆలోచించుకునే వ్యవధి లేదు, ఈనాడు నెలల తరబడి ఆలోచించి దిగాడు. అప్పుడు పడవ వెదుక్కుంటూ వచ్చింది. నయాగరాలో అలా రాగల పడవ లేదు.

అమెరికాలో నయాగరా పట్టణంలోని ఓక్‌వుడ్ శ్మశానవాటికలో అతణ్ణి ఖననం చేశారు. భార్య, ఇద్దరు పసిబిడ్డలు మిగిలారు. స్టాన్‌హోప్ పతకం వెబ్‌తో మొదలై నేటికీ కొనసాగుతున్నది. 1909లో డాలీలో అతనికి స్మారకస్తంభం నిలిపి, సోదరుడు థామస్ చేత ఆవిష్కరింపజేశారు. మరుసటి ఏడాది డోవర్ ఒడ్డున, అతడు బయలుదేరిన సముద్రానికి ఎదురుగా, కంచు విగ్రహం వెలిసింది.